మరలి వచ్చిన విద్యుచ్ఛకటము

గడచిన వేసవిలో, బంగినపల్లి కోతలు ముగియవచ్చి చిన్నరసాలు చేతికి వచ్చు దినములలో, నూజివీటి సమీపమున మామిడితోటలు గల మిత్రు లొకరు మా యింటికి వచ్చి కూర్చుండిరి. వారి కుమార్తెకు వివాహము నిశ్చయమగుచుండెను. వరుని పక్షమువారు కట్నమను మాట నోట ననక, "కారు మాత్రము మీ యిష్టము" అని సెలవిచ్చి, ఆ యిష్టము ఎట్లుండవలెనో కూడ తామే చెప్పిరట. బండి ఎత్తుగా నుండవలెను. ముందుభాగము వెడల్పుగా నుండవలెను. వీథిలో నలుగురు తిరిగి చూడవలెను. పెట్రోలుదో డీజిలుదో కావలెను గాని కరెంటుది మాత్రము వలదు. మిత్రులు మమ్మడిగిన ప్రశ్న యిది: "మాస్టారుగారూ, మీరు నాలుగు పుస్తకములు చదివినవారు. కరెంటు కారులో నిజముగా లోపమున్నదా? లేక అది మగవారి బండి కాదని వారి తలంపా?"

కట్నమును గూర్చి మా యభిప్రాయము వారెఱుగనిది కాదు. 1961లో పుట్టిన వరకట్న నిషేధ శాసనము ఇచ్చువారిని, పుచ్చుకొనువారిని గూడ దోషులుగనే యెంచుచున్నదని వారికి మరల జ్ఞాపకము చేసితిమి. వారు తలవంచుకొనిరి. కాని వారి ప్రశ్నలోని రెండవ భాగము మమ్ము విడువలేదు. "మగవారి బండి కాదు" అను మాట నూజివీట పుట్టినది కాదు, నేడు పుట్టినదియు గాదు. దాని వయస్సు నూఱేండ్లకు పైబడినది. ఆ మాట యెట్లు పుట్టెనో, దానివలన ఏ బండి బ్రతికి ఏ బండి చచ్చెనో చెప్పవలెనని యీ వ్యాసమునకు బూనుకొంటిమి.

విద్యుత్తుతో నడచు బండి క్రొత్తదని మనలో పెక్కుమంది భావింతురు. అది పొరపాటు. ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే యను శాస్త్రజ్ఞుడు 1859లో సీసపు పలకలను ఆమ్లములో ముంచి, మరల మరల విద్యుత్తును నింపుకొనదగిన బ్యాటరీని నిర్మించెను. 1881లో కామిల్ ఫార్ దానిని మెఱుగుపఱచెను. ఆ యేడే పారిస్ వీథులలో గుస్టావ్ ట్రూవే మూడు చక్రముల విద్యుత్తు బండిని నడిపెను. జర్మనీలో కార్ల్ బెంజ్ తన పెట్రోలు బండికి హక్కుపత్రము పొందినది 1886లో. అనగా విద్యుచ్ఛకటమే అగ్రజ. 1897లో లండను నగరమున వాల్టర్ బెర్సీ విద్యుత్తు టాక్సీలను ప్రవేశపెట్టగా, వాని సన్నని ఝంకారమును విని జనులు వానికి "హమ్మింగ్ బర్డులు" అని పేరిడిరి. 1899లో బెల్జియము దేశస్థుడగు కామిల్ జెనాట్జీ తూటా ఆకారముగల విద్యుత్తు బండిపై గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటెను. భూమిపై బండి నడుపువారిలో ఆ హద్దును మొదట దాటినవా డతడే. ఆ బండి పెట్రోలుది కాదు. 1900 నాటికి అమెరికాలో తయారైన నాలుగు వేల పైచిలుకు కార్లలో ఆవిరి బండ్లును విద్యుత్తు బండ్లును వేఱువేఱుగనే పెట్రోలు బండ్లను మించి యుండెను.

మన దేశమునకు దూరమైన ముచ్చట లివి యని చదువరులు తలపవలదు. నాడు తెలుగువారికి రాజధాని మద్రాసు. ఆ నగరమున విద్యుత్తు ట్రాములు 1895లోనే తిరుగ నారంభించి 1953 వఱకు నడచెను. అదే నగరమున సింప్సను సంస్థకు జెందిన సామ్యూల్ జాన్ గ్రీను 1903లో ఆవిరితో నడచు కారును నిర్మించెను. కోర్టు వ్యాజ్యములకో, కళాశాల చదువులకో గుంటూరు, కృష్ణా మండలముల నుండి మద్రాసునకు బోయిన మన పూర్వులలో పలువురు పెట్రోలు కారునకు ముందే విద్యుత్తు బండి నెక్కి యుందురు. వారు దానిని కరెంటు బండి యని వింతగా జూచిరేమో గాని, ఆడువారి బండి యని మాత్రము అనలేదు. కాసులిచ్చి యెక్కు బండికి స్త్రీపురుష భేద మెవరు గట్టుదురు? సొంత బండి యైనప్పుడే యా జబ్బు పట్టుకొనెను.

ఆ జబ్బు అమెరికాలో పుట్టెను. నాటి పెట్రోలు బండిని గదలించుటకు ముందు నిలిచి ఇనుప చేతిపిడిని బలముగా ద్రిప్పవలెను. ఇంజను ఎదురు దన్నినచో పిడి వెనుకకు గొట్టి ముంజేయి విఱుగుట సామాన్యము. పైగా పొగ, కంపు, చప్పుడు, గేరు మార్చుటలో కష్టము. విద్యుత్తు బండికి ఇవేవియు లేవు; మీట కదల్చిన గదలును. ఇంతకన్న సుగుణ మేమి కావలెను? కాని వర్తకులు ఆ సుగుణమునే పట్టుకొని, యిది సుకుమారులగు స్త్రీలకు దగిన బండి యని ప్రకటనలు వేయనారంభించిరి. 1907 మొదలు 1939 వఱకు తయారైన డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను బండి యాకారము చూచినచో వారి తలంపు తేటపడును. అది కారు వలె గాక చక్రములపై పెట్టిన చిన్న గాజుగది వలె నుండెడిది. లోపల మెత్తని ఆసనములు ఎదురెదురుగా, అద్దముల ప్రక్కన పువ్వుల గిండి, గుండ్రని చక్రమునకు బదులు పడవకు వలె చుక్కాని కఱ్ఱ. పెట్రోలు బండ్లను లక్షల సంఖ్యలో జేసి లోకమును నింపిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా సొంతమునకు నడుపుకొన్నది ఈ డెట్రాయిట్ ఎలక్ట్రిక్‌నే! ఫోర్డుగారి గృహములోనే రెండు పక్షము లుండెనన్న మాట.

పురుషు లేమనుకొనిరి? భార్య బజారునకు, దేవాలయమునకు బోవు బండి యిది. మనకు కావలసినది పట్టణము దాటి, త్రోవ తప్పి, చక్రము పగిలి, బురదలో దిగబడి, మరల లేచి వచ్చు బండి యని. దూరప్రయాణము, సాహసము, వేగము, వీని కోరికయే వారిచే పెట్రోలు బండిని గొనిపించెను. ఇందులో గల వింత యేమనగా, పెట్రోలు బండిపై మొట్టమొదటి దూరప్రయాణము చేసినది పురుషుడు కాదు. 1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా భర్తకు జెప్పకుండ ఇద్దఱు కొడుకులను వెంట బెట్టుకొని, మాన్‌హైము నుండి ఫోర్‌జైమునకు నూఱు కిలోమీటర్ల పైచిలుకు నడిపెను. త్రోవలో ఇంధనము తఱిగినచో మందుల దుకాణమున గొనెను. గొట్టము పూడిపోయినచో తన టోపీ సూదితో పొడిచి చక్కబెట్టెను. "స్త్రీలకు తగిన బండి" యేదో తీర్మానించిన వర్తకులు ఈమెను మఱచిరి కాబోలు.

తుదకు విద్యుచ్ఛకటము నోడించినది గూడ విద్యుత్తే యగుట విధివిలాసము. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెట్టరింగ్ స్వయంప్రారంభకమును, అనగా బ్యాటరీతో తిరుగు చిన్న మోటారును, అమర్చెను. చేతిపిడి బాధ తీఱెను. పెట్రోలు బండి తన ప్రత్యర్థి యవయవమునే కడుపులో దాచుకొని ప్రత్యర్థిని జయించెను. దీనికి ధర తోడయ్యెను. ఫోర్డు 1908లో మోడల్ టీ కారును వెలువరించి, 1913లో కదలు వరుసపై కూర్పు నారంభించి, వెలను నానాటికి దించెను. 1912లో అమెరికాలో పెట్రోలు కారు 650 డాలర్లకు దొరకుచుండగా విద్యుత్తు కారు 1,750 డాలర్లు పలికెను. టెక్సాసులో చమురు పొంగెను. పల్లెలకు రహదారులు పడెను గాని విద్యుత్తు తీగలు పడలేదు. పెట్రోలును డబ్బాలో మోసికొని పోవచ్చును, కరెంటును మోయలేము. 1920 తరువాత విద్యుత్తు కార్లు క్రమముగా కనుమఱుగయ్యెను.

యంత్రముల యుద్ధము యంత్రగుణముల చేతనే తీరునని మేము బాల్యమున నమ్మితిమి. ఈ చరిత్ర చదివినపిదప ఆ నమ్మకము సడలినది. విద్యుత్తు బండికి నిజమైన లోపములు రెండు: బ్యాటరీ బరువు, ప్రయాణపు నిడివి కొఱత. ఈ లోపములు పట్టణమున దినమునకు ముప్పది కిలోమీటర్లు తిరుగువానికి లోపములే కావు. కాని బండిని గొనువాడు తాను తిరుగు త్రోవను జూచి కొనలేదు, తిరుగుదునని కలగన్న త్రోవను జూచి కొనెను.

పెట్రోలు కూడ సర్వకాల సర్వావస్థల దొరకు వస్తువు కాదని మనవారు రెండవ ప్రపంచయుద్ధమున నేర్చుకొనిరి. 1941లో మన దేశమున పెట్రోలునకు రేషను పెట్టగా, బస్సుల వెనుక నిలువెత్తు ఇనుప పీపాలు మొలచెను. అందులో కఱ్ఱబొగ్గును గాలి చాలనిచ్చక మండించినచో పుట్టు వాయువును గొట్టముల ద్వారా ఇంజనునకు బంపెడివారు. అవియే "బొగ్గు బస్సులు". మా తాతగారు వానిలో ప్రయాణించినవారు. బస్సు కదలుటకు ముందు క్లీనరు పీపా చెంత నిలిచి చాలసేపు చక్రము త్రిప్పవలెననియు, ఎత్తు వచ్చినచోట జనులు దిగి నెట్టవలసివచ్చెడిదనియు, ఊరు చేరునప్పటికి తెల్లపంచె బూడిదరంగు పంచె యయ్యెడిదనియు వారు చెప్పుచుండిరి. ఆ వాయువులో ముఖ్యభాగము కార్బన్ మోనాక్సైడను విషమని వారికి దెలియదు. యుద్ధము ముగిసి పెట్రోలు రాగానే పీపాలు ఊడిపోయెను. ఆ పాఠము కూడ వానితోనే పోయెను. నేడును మన దేశము తనకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశముల నుండియే తెచ్చుకొనుచున్నది. ఆంధ్రప్రదేశమున లీటరు పెట్రోలు వెల 2021లో నూఱు రూపాయలు దాటెను.

విద్యుచ్ఛకటము మరల లేచుటకు లిథియము కారణము. సీసముకన్న మిక్కిలి తేలికయగు ఈ లోహముతో చేసిన బ్యాటరీలు 1991లో అంగళ్లకు వచ్చెను; దానికి మూలమైన కృషికి 2019లో గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున 2001లో బెంగుళూరునుండి వెలువడిన రేవా కారు సీసపు బ్యాటరీలతోనే నడచెను. రెండు తలుపులు, ఇఱుకు ఆసనములు, నిండు బ్యాటరీకి ఇంచుమించు 80 కిలోమీటర్ల ప్రయాణము. లండను వీథులలో జీ-విజ్ అను పేరుతో తిరిగి మెప్పును, ఎగతాళిని సమానముగా బడసినది. మన యూళ్లలో దానిని జూచి బొమ్మకారని నవ్విరి. దాని గుణదోషము లెట్లున్నను, దానిని చంపినది ఆ నవ్వేనని మా యూహ. 2020 జనవరిలో టాటా నెక్సాన్ కారు విద్యుద్రూపము వెలువడినప్పుడు నవ్విన వారు లేరు. ఏలన, అది పెట్రోలు నెక్సానునకు కవలపిల్ల వలె నుండెను. 30.2 కిలోవాట్ గంటల బ్యాటరీ, పరీక్షాశాల లెక్కన 312 కిలోమీటర్ల నిడివి యనునవి యొక యెత్తు. "చూచుటకు కారువలె నున్నది" యనునది మఱియొక యెత్తు.

ఈ యాకారపు ముచ్చట తేలికగా త్రోసివేయదగినది కాదు. ప్రతి క్రొత్తబండియు కొంతకాలము పాతబండి బట్టలు కట్టుకొనియే తిరుగును. మొదటి కార్లు గుఱ్ఱములు విప్పిన జట్కాల వలె నుండెను. గుఱ్ఱపుడెక్కలు చిమ్ము బురద మీద బడకుండ బండికి ముందు కట్టిన పలకకు ఇంగ్లీషున డాష్‌బోర్డని పేరు. గుఱ్ఱము పోయి నూఱేండ్లు దాటినను పేరు పోలేదు. పెట్రోలు కారునకు ముందు జల్లెడ వంటి జాలి యెందుకు? లోపలి ఇంజను నీళ్లను గాలి తగిలి చల్లార్చుటకు. విద్యుత్తు కారునకు అంత గాలి పనిలేదు. ఐనను పెక్కు కంపెనీలు మూసిన జాలిని, అనగా గాలి దూరని జాలిని, ముఖమునకు అతికించుచున్నవి. ముఖము లేని బండిని మనుష్యుడు నమ్మడు కాబోలు! మన బాల్యమున పెద్దమనిషి కారన్నచో అంబాసిడరే. ఆంగ్లేయుల మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై దయచేసి, 2014లో ఉత్పత్తి నిలుచువఱకు ఆ గుండ్రని వీపు, ఆ తెల్లరంగు అధికారమునకు చిహ్నములై యుండెను. నేడు ఎత్తైన ముక్కు, వెడల్పు జాలి ఆ పీఠమెక్కినవి. విద్యుత్తు కార్లకు 2018లో ప్రభుత్వము విధించిన ఆకుపచ్చ నంబరుపలకను జూచి మాత్రము కొందఱు పెండ్లికొడుకులు సిగ్గుపడుచున్నారని వింటిమి. తెల్లపలకలో నేమి గౌరవమున్నదో మాకు తెలియదు.

ఇక లెక్కకు వత్తము. నూజివీటి నుండి విజయవాడ ఇంచుమించు 45 కిలోమీటర్లు. హనుమాన్ జంక్షను 20 కిలోమీటర్లకు లోపు. నూజివీడని పేరుగల రైలుస్టేషనే ఊరికి దూరముగా ఆ జంక్షను ప్రక్కన నున్నదగుటచే మన ప్రాంతీయులకు రహదారియే గతి. మధ్యరకపు విద్యుత్తు కారు ఒక యూనిట్టుకు ఆఱు కిలోమీటర్లు పోవుననుకొందము. ఇంటివద్ద యూనిట్టు 8 రూపాయలు పడినను, విజయవాడకు వెళ్లి వచ్చుటకు 15 యూనిట్లు, 120 రూపాయలు. అంతటి పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు పోయినచో 6 లీటర్లు, 600 రూపాయలకు పైన. పెట్రోలులోని శక్తిలో చక్రములకు చేరునది నాలుగవ వంతు ప్రాంతము. తక్కినదంతయు వేడిగా గాలిలో గలియును. విద్యుత్తు మోటారున నూటికి 80 పాళ్లు చక్రములకు జేరును. నూనె మార్చుట లేదు, క్లచ్చి అరుగుట లేదు. తిరుమల కనుమత్రోవలో 2022 సెప్టెంబరునుండి తిరుగుచున్న విద్యుత్తు బస్సులు దిగునప్పుడు బ్రేకుతోబాటు మోటారు వెనుకకు బనిచేసి కొంత విద్యుత్తును మరల బ్యాటరీకి జేర్చుచున్నవి. పైకెక్కుటకు వ్యయమైన దానిలో కొంత దేవుడు తిరిగి యిచ్చుచున్నాడని యొక భక్తుడు మాతో ననగా నవ్వు వచ్చెను గాని, మాట తప్పు కాదు.

దీనికి బదులు పెట్టుబడి ఎక్కువ. కారు వెలలో పెద్దభాగము బ్యాటరీదే. కంపెనీలు తఱచుగా ఎనిమిదేండ్ల పూచీ నిచ్చుచున్నను, తొమ్మిదవ యేట పాతకారు కొనువాడు సందేహించును. మే నెలలో మన ప్రాంతపు టెండ బ్యాటరీ ఆయువును హరించును. నిండుగా నింపి యెండలో నిలుపుట మఱింత చెఱుపు. చప్పుడు లేని బండి వెనుకనుండి వచ్చుట గేదె యెఱుగదు, బిడ్డ యెఱుగదు. పొగ లేదనుటయు సగము నిజమే. 1979 నుండి ఇబ్రహీంపట్నమున బొగ్గు మండుచున్నది; నూజివీట మనము స్వచ్ఛముగా తిరిగిన తిరుగుడుకు అక్కడివారి బట్టలపై బూడిద పడవచ్చును. కొన్నిరకముల బ్యాటరీలకు వలయు కోబాల్టును కాంగో దేశమున చిన్నబిడ్డలు గూడ త్రవ్వుచున్నారని లోక మెఱుగును. ఆ లోహము లేని బ్యాటరీలు వ్యాపించుచుండుట యొక యూరట.

మా సహోపాధ్యాయులొకరి అనుభవము గూడ దాచరాదు. వారి విద్యుత్తు కారులో రెండేండ్ల క్రిందట మే నెలలో తిరువూరు వైపు ఒక పెండ్లికి బోయి, రాత్రి మరలి వచ్చుచుంటిమి. విస్సన్నపేట దాటునప్పటికి గాలివాన పట్టుకొనెను. చెట్లు విఱిగి త్రోవ మూసికొనగా చుట్టు తిరిగితిమి. బ్యాటరీ పదవవంతునకు దిగెను. త్రోవప్రక్క గల నింపుడుపెట్టె చెంతకు బోగా అందులో దీపము లేదు. ఊరిలోను దీపము లేదు. వాన వచ్చినచో మామిడికాయ రాలును, కరెంటు పోవును. ఈ రెండును మన ప్రాంతమున ఒకే క్షణమున జరుగునవి. తోట కాపలాదారు తన గుడిసెలో మాకు నులకమంచ మిచ్చి, తెల్లవాఱి రాలుడు కాయలు ఏరుకొనుచు, "ఎద్దులైతే ఈపాటికి ఇంటికి చేరుండేవి బాబూ" అనెను. మధ్యాహ్నమునకు గాని కరెంటు రాలేదు. మా మిత్రుడు ఆ కారు నమ్మివేయలేదు. తరువాత గాలివాన దినములలో ముందురాత్రియే నింపుకొనుట అలవాటు చేసికొనెను.

ఈ లెక్కలన్నియు కాగితముపై వ్రాసి తోటగల మిత్రుల యింటికి బోయితిమి. వారు చదివి, "ఏడాదికొకసారి తిరుపతి పోవలెను గదా, నాలుగువందల కిలోమీటర్లు" అనిరి. తక్కిన 360 దినముల మాటేమని మేమంటిమి. అప్పటి వఱకు తలుపు ప్రక్కన నిలిచియున్న వారి కుమార్తె ముందునకు వచ్చెను. ఆమె హనుమాన్ జంక్షను చెంతనొక పాఠశాలలో ఉపాధ్యాయిని. దినము రెండు బస్సులు మాఱి పోయి వచ్చునది. మా కాగితమును దీసికొని చూచి, "మాస్టారుగారూ, రెండుబండ్ల మంచిచెడ్డలు చక్కగా వ్రాసితిరి. నడుపువారెవరో వ్రాయలేదు" అనెను.

మాకు సమాధానము తోచలేదు. ఆ బండిని ఎవరైన ఆమెచే నడుపనిత్తురా యని తండ్రిగాని, వరుని పక్షమువారుగాని, మేముగాని ఒక్కసారియు తలపలేదు. అమెరికా వర్తకుల పువ్వులగిండిని జూచి నవ్విన మేమే ఈ ప్రశ్నను మఱచితిమి.

ఆ తరువాతి ఆదివారము తండ్రి, పొరుగువారి పాత పెట్రోలు కారును అడిగి తెచ్చి, కోత ముగిసిన తోటలో చెట్లవరుసల నడుమ కూతునకు నడపుట నేర్ప నారంభించెను. మేము గట్టుపై గూర్చుండి చూచితిమి. గేరు మార్చుచోట రెండుమాఱులు ఇంజను ఆగెను. మూడవమాఱు కలెక్టరు కాయల చెట్టును తప్పించుకొని వరుస చివరదాక పోయెను. పెండ్లివారికి ఏమని వర్తమానము పంపవలెనో తండ్రీకూతుండ్రు ఇంకను ఆలోచించుచున్నారు.